గండి పూడింది, తూము సంగతేమిటి?

ఇవాళ్టి ప్రసంగం ఇంట్లో ఉండే కంప్యూటర్ గురించి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు చెరువుల లెక్కలు, మేత కొట్టు బాకీలు, పిల్లల సర్టిఫికెట్లు, పాసుపుస్తకాల కాపీలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో పెట్టుకున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విండోస్‌కు భద్రతా అప్‌డేట్‌లు విడుదల చేస్తుంది. అమెరికాలో అప్పటికి పగలు కాబట్టి మనకు ఆ రాత్రికో బుధవారం పొద్దుటికో అందుతాయి. కంప్యూటర్ రీస్టార్ట్ అడుగుతుంది, కాసేపు తెర మీద చుక్కలు తిరుగుతాయి, మళ్లీ మామూలు తెర వస్తుంది. అక్కడితో పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలవుతుందని నా వాదన. అప్‌డేట్ తెచ్చే ఇబ్బంది కన్నా, అది వచ్చాక ఏదో ఒకటి పనిచెయ్యడం లేదని మనం చేతులారా ఆపేసే రక్షణలతోనే ఎక్కువ ముప్పు.

రొయ్యల చెరువు ఉన్నవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కట్టకు గండి పడితే పూడ్చడం ఒక పని. తూము ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చూసుకోవడం వేరే పని. అప్‌డేట్ గండి పూడ్చి పోతుంది. ఫైర్‌వాల్, యాంటీవైరస్, షేరింగ్ సెట్టింగ్స్ అన్నీ తూముల లెక్క. మీ ఇంట్లో ప్రింటర్ ఉందో లేదో, వైఫై మీ సొంతమో పక్కింటివాళ్లతో కలిసి వాడుకునేదో ఆ కంపెనీకి తెలిసే దారి లేదు. అందుకని అది తనకు తోచిన క్షేమమైన తీరులో తలుపు బిగిస్తుంది. ఎంత తెరవాలన్నది ఇంటివాళ్లే తేల్చుకోవాలి.

దీనికి సాక్ష్యం కావాలంటే 2017కు వెళ్లాలి. ఆ ఏడాది మే 12న వానాక్రై అనే ప్రోగ్రాం ప్రపంచం మీద పడింది. రెండు మూడు రోజుల్లో దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లా మొదలు శ్రీకాకుళం దాకా కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది దూరిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. ఇంతవరకు చాలామంది విన్నదే. ఆ తర్వాత జరిగిందే మనకు ముఖ్యం, దాని గురించి మాట్లాడుకున్నవాళ్లు తక్కువ.

ఆ రంధ్రం ఉన్నది ఎస్‌ఎంబీ-1 అనే పాత పద్ధతిలో. ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌నో ప్రింటర్‌నో పక్క కంప్యూటర్ కూడా వాడుకోవడానికి 1980లలో పుట్టిన ఏర్పాటు అది. ఇంటింటికీ ఇంటర్నెట్ రాని కాలం కాబట్టి, దొంగ వస్తాడన్న ఊహతో దాన్ని కట్టలేదు. వెళ్లే సమాచారాన్ని ఎవరూ చదవకుండా మూసి పంపే వీలు కూడా అందులో లేదు. 2017 అక్టోబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని సాగనంపడం మొదలుపెట్టింది. ఇళ్లలో వాడే విండోస్‌లో కొన్నాళ్లు ఎవరూ వాడకపోతే దానంతటదే తొలగిపోయే ఏర్పాటు చేసింది. దాంతో పాత స్కానర్లు, నెట్‌వర్క్ హార్డ్‌డిస్కులు ఉన్నట్టుండి మూగబోయాయి. అప్పుడు చాలాచోట్ల జరిగిందేమిటంటే, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఆ పాత పద్ధతికి మళ్లీ టిక్కు పెట్టుకున్నారు. స్కానర్ పనిచేసింది, అందరూ సంతోషించారు. వానాక్రై దూరిన ఆ ఒక్క గండి పూడిన మాట నిజమే. కానీ కట్టే పాతది, కావలి లేనిది. విండోస్ 11లో 2024 నాటి పెద్ద అప్‌డేట్ షేరింగ్ నియమాలను ఇంకాస్త బిగించింది. అప్పుడూ ఇదే గొడవ.

ఎక్సెల్ విషయంలోనూ అంతే. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మాక్రోలు, అంటే ఫైలు తెరవగానే నడవగల చిన్న ప్రోగ్రాములు, 2022లో మామూలుగా ఆగిపోయేలా మార్చారు. వాడకందార్లు గోలపెడితే కంపెనీ వెనక్కి తగ్గింది. అదే ఏడాది జూలైలో మళ్లీ అమలు చేసింది. అంతకుముందు ఏళ్ల తరబడి మెయిల్‌లో బిల్లు పేరుతో వచ్చిన మాక్రో ఫైళ్లే దొంగలకు రాచబాట కాబట్టి, ఆ ఇబ్బంది పడదగ్గదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. అప్‌డేట్ తర్వాత ప్రింటర్ కనబడలేదనుకోండి. తెలిసిన కుర్రాణ్ని పిలిస్తే మొదట చేసే పని ఫైర్‌వాల్ ఆపడం. ప్రింటర్ వస్తుంది, అతను వెళ్లిపోతాడు, ఫైర్‌వాల్ మాత్రం ఆగిపోయే ఉంటుంది. చాలాసార్లు కారణం చిన్నది. మీ వైఫైని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేసి ఉంటుంది. సొంత వైఫై అయితే ప్రైవేట్‌గా మారిస్తే చాలు, ఫైర్‌వాల్‌ను తాకే పనే లేదు. అలాగే లెక్కల ప్రోగ్రాం తెరుచుకోకపోతే యాంటీవైరస్ తీసేస్తారు. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లో నిరంతర కాపలాను ఆపితే కొంతసేపటికి అదే మళ్లీ మొదలవుతుంది. అందుకే తెలివిగలవాళ్లు ఆ పని చెయ్యరు. ఎక్స్‌క్లూజన్స్ అనే జాబితాలో ఆ ఫోల్డర్ పేరు రాసేస్తారు. ఒక్కోసారి మొత్తం సి డ్రైవ్‌నే రాసేస్తారు. ఆ జాబితాను అప్‌డేట్ చెరపదు, తెర మీద ఎర్ర గుర్తూ రాదు. పైకి అంతా పచ్చగా ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది ఇదే. క్రాక్ చేసిన ప్రోగ్రాముల సంగతి వేరే చెప్పాలా? వాటి సూచనల్లో మొదటి వాక్యమే యాంటీవైరస్ ఆపమని ఉంటుంది.

మా కంప్యూటర్‌లో దోచుకోవడానికేముంది అని కొందరంటారు. వానాక్రై ఎవరి ఇల్లని అడిగి రాలేదు. దొరికిన ప్రతి తలుపునూ దానంతటదే తట్టుకుంటూ పోయింది. ఇంకొందరి మాటలో కాస్త బలముంది: అప్‌డేట్‌లే కొంప ముంచుతున్నాయి కదా అంటారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది నిజం. అయితే అది పెద్ద సంస్థలు కొనుక్కునే రక్షణ సాఫ్ట్‌వేర్, ఇళ్లలో ఉండదు. పైగా ఆ నష్టం యంత్రం ఆగిపోవడంతో సరిపోయింది. వానాక్రైతో తాళం పడిన ఫైళ్లు చాలామందికి తిరిగి రాలేదు. అప్‌డేట్ భయానికి మందు ముఖ్యమైన ఫైళ్లను వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, తీగ పీకేసి బీరువాలో పెట్టడం. అప్‌డేట్‌ను ఆపెయ్యడం మందు కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపేవారు, డేటా మిగలాలని మీటర్డ్ కనెక్షన్ పెట్టి ఉంటే, చాలా అప్‌డేట్‌లు దిగకుండా ఆగి ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అది వాడేవారికి సెట్టింగ్స్ ఒక్కటే చాలవు, కొత్త విండోస్‌కు మారే ఆలోచన చెయ్యాలి.

అప్‌డేట్ సహాయమంటూ మైక్రోసాఫ్ట్ పేరుతో ఎవరైనా ఫోన్ చేసి కంప్యూటర్ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ పెట్టుకోమంటే పెట్టెయ్యండి, మీ ఫోన్‌ను. మనం అడగకుండా ఆ కంపెనీ ఎవరికీ ఫోన్ చెయ్యదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పండి. ఇక ఈసారి రిపేరు కుర్రాడు వచ్చినప్పుడు ఒక్క పని చెయ్యండి. ఏం ఆపాడో, ఏ జాబితాలో ఏం రాశాడో లెక్కల పుస్తకం చివరి పేజీలో అతని చేతే రాయించండి. ప్రింటర్ పనిచేశాక అవన్నీ మళ్లీ యథాస్థానంలో పెట్టించి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.