ఆనకట్టకు దిగువను, ఎగువను
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)

 

జాతులు పోరాటములలో రూపుదిద్దుకొనునని చరిత్రకారులు వ్రాయుదురు. అమెరికావారు 1776లో స్వాతంత్ర్యము చాటుకొనిరి. ఫ్రెంచివారు 1789లో బాస్టిలు కోటను పట్టుకొనిరి. రెండు కథలకును మూలము పన్నుల తగవే. ఆ కథలకై అంత దూరము పోనక్కరలేదు. ధవళేశ్వరపు గట్టున నిలిచి ఒకసారి దిగువకును, ఒకసారి ఎగువకును చూచిన చాలును. దిగువను కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు. ఎగువను ఏరు, ఏటికి ఆవల పాపికొండలు, రంపదేశము, ఇంకను పైకి గూడెపు కొండలు. స్వరాజ్యమునకై రెండు చోట్లను పోరాటము జరిగినది. ఇంచుమించు ఒకే కాలమున జరిగినది. అయినను ఒక పోరాటము రెండవదానికి చేయి అందింపలేదు. ఎందుచేతనో విచారింపవలసియున్నది.

1833 ప్రాంతపు కరవు ఈ సీమను ఎముకల గూడు చేసెను. 1847లో ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట పని ప్రారంభించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా 1852లో అది పూర్తియయ్యెను. కాటన్ దొర దయాశాలి యనుటలో సందేహము లేదు. కాని కుంపిణీ ప్రభుత్వము సొమ్ము మంజూరు చేసినది దయచేత కాదు, నీరు పారిన శిస్తు పెరుగునను లెక్కచేత. ఆ లెక్క తప్పలేదు. అయితే దొరలు వేసికొనని లెక్క యొకటి వారి పుస్తకములకు వెలుపల పెరిగినది. రైతు చేత నాలుగు రూకలు నిలిచెను. కుమారుడు రాజమహేంద్రవరమునకు చదువుకై పోయెను. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులు ఈ ధవళేశ్వరములోనే పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడై యుండి వివేకవర్ధని పత్రికను ఆరంభించెను. అచ్చుకాగితము చదువు అలవాటు, చదివినదానిని గూర్చి తర్కించు అలవాటు ఊళ్లలో వేరూనినవి.

ఆ అలవాటునకు ఫలము 1907 ఏప్రిలులో కనబడినది. బిపినచంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులు వానిని తెలుగున వినిపించెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులు వందేమాతరపు బిళ్లలు ధరించి తరగతులకు పోయిరి. అధ్యక్షుడు హంటరు దొర కోపించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి వెలివేయబడెను. మరుసటి ఏడు బెజవాడలో స్వరాజ్య పత్రికలోని వ్రాతకు ఆయన కారాగారము చూచెను. రొమ్మున ధరించిన చిన్న బిళ్ల ఒకటి ప్రభుత్వమును అంతగా భయపెట్టెనన్నచో ఆ ప్రభుత్వపు పునాది ఎంత గట్టిదో ఊహింపవచ్చును.

ఇందు గ్రంథాలయముల వారికి తెలియవలసినది మరియొకటి కలదు. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో కూడిన ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినది ఆ చిలకమర్తివారే. చెరనుండి వచ్చిన గాడిచర్లవారును తరువాత ఏండ్ల తరబడి గ్రంథాలయోద్యమమును నడిపిరి. పాలుగారి మాటలు తెలుగున చెప్పిన నోరే పల్లెలకు పుస్తకములు కావలెనని చెప్పినది.

ఇక పన్నుల సంగతి. గ్రామమున శిస్తు వసూలు చేయువాడు మునసబు. అడంగలు వ్రాయువాడు కరణము. కలెక్టరు ఎంతటివాడైనను, వీరిద్దరి సహాయము లేనిదే ఏ పొలమునకు ఎవరు ఎంత బాకీయో ఎరుగడు. 1921 చివరను గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున రైతులు పన్ను నిరాకరించినపుడు గ్రామోద్యోగులు పెక్కురు రాజీనామా లిచ్చిరి. తాతముత్తాతలనుండి వచ్చిన ఉద్యోగము. ఇంటికి గౌరవము దానివలననే. అట్టిదానిని ఒక కాగితపు ముక్కతో వదలుకొనుట తుపాకి ఎత్తుటకన్న తేలిక యని తలపరాదు. జప్తు చేసిన సొత్తును వేలమునకు పెట్టినచో పాట పాడువాడు లేకపోయెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన పిమ్మట గాంధీమహాత్ముడు శాసనోల్లంఘనమును ఆపివేయగా ఆ ఉద్యమమును ఆగెను. (1984లో కరణీకము, మునసబీ రెండును రద్దయినవి. ఆ పని చేసినది తెల్లదొరలు కాదు, స్వతంత్ర ప్రభుత్వమే.)

అదే 1922 ఆగస్టులో ఎగువను తుపాకులు పేలినవి.

కొండలలో తగవు క్రొత్తది కాదు. 1879లోనే రంపవారు తిరుగబడిరి. మన్సబుదారు బాధలు, కల్లుపై చిగురుపన్ను, గుత్తదారుల దౌర్జన్యము దానికి హేతువులు. 1882 నాటి అటవీ శాసనము పోడు వ్యవసాయమునకు అడ్డుపడినది. తాతలు కొట్టి కాల్చి విత్తిన కొండవాలులో తానే దొంగయైన కొండవానికి ఏ న్యాయస్థానము తెలియును? గూడెములో డిప్యూటీ తహశీల్దారు బాస్టియను రోడ్డుపనికి జనులను తోలి, కూలి సరిగా ఈయకపోయెను. బట్టిపనుకుల మునసబు గాము గంటందొర ఉద్యోగము ఊడినది. గుంటూరు సీమలో మునసబులు తామై ఉద్యోగములు వదలిన కాలముననే, కొండమీద ఒక మునసబు ఉద్యోగము లాగివేయబడినది. ఇద్దరును ఒకే ప్రభుత్వముపై తిరుగబడిరి.

అల్లూరి శ్రీరామరాజు దిగువ సీమ బిడ్డ. రాజమహేంద్రవరము, కాకినాడ, నరసాపురము, తుని ఊళ్లలో చదివినవాడు. కొండలలో మొదట ఖద్దరు, మద్యనిషేధము, పంచాయతీలు బోధించెను. పిమ్మట ఆయుధము పట్టెను. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై పడెను. చింతపల్లిలో 11 తుపాకులును, 1390 గుళ్లును, కత్తులును, బాయనెట్లును తీసికొని, ఆ జాబితాను ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసిపోయెను. లెక్క వ్రాయు వృత్తివారికి ఈ సంగతి తక్కిన సాహసములకంటె ఎక్కువ నచ్చును. దోపిడికాడు జమాఖర్చు వ్రాయడు. తాను చేయునది దోపిడి కాదనియు, దానికి తాను బాధ్యుడననియు ఆ సంతకము చెప్పుచున్నది.

రెండేండ్లు మలబారు పోలీసులును, అస్సాం సైనికులును ఆ అడవులలో తిరిగిరి. పెదనందిపాటి ఉద్యమమును అణచినవాడని పేరుపడిన రూథర్‌ఫర్డు దొరయే 1924లో ఏజెన్సీకి ప్రత్యేకాధికారియై వచ్చెను. 1924 మే 7న కొయ్యూరులో రామరాజు కాల్చిచంపబడెను. దిగువ ఉద్యమమును, ఎగువ ఉద్యమమును ఒకటే యని ఆంగ్ల ప్రభుత్వమునకు తెలిసినది, కనుకనే ఒకే మనిషిని పంపినది. దిగువవారికి మాత్రము తెలియలేదు.

అహింసావ్రతము కారణమని నాయకులు చెప్పిరి. ఆ మాట అబద్ధము కాదు. 1929లో గాంధీమహాత్ముడును రామరాజు మార్గమును మెచ్చకయే ఆయన ధైర్యమును, త్యాగమును శ్లాఘించెను. కాని చెప్పని కారణము మరియొకటి కలదు. కొండలలో కల్లు గుత్తలు పట్టినవారు, అప్పులిచ్చి చింతపండు, పసుపు చవుకగా కొట్టుకొని వచ్చిన షావుకార్లు ఏ దేశమువారు? పల్లపు సీమలవారే. దొరపై తిరుగబడిన కొండవానికి చేయి అందించినచో, వాడు తన అప్పుపత్రమును గూర్చియు అడుగును. అడుగునను భయము ఆ మౌనములో కొంత లేకపోలేదు.

స్వరాజ్యము వచ్చినది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగము, 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము. ఈ కథలు అందరును ఎరిగినవే. ఎరుగనిది గాము మల్లుదొర కథ. గంటందొర తమ్ముడు, రామరాజు అనుచరుడు. పట్టువడి అండమానులో శిక్ష అనుభవించినవాడు 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఒకనాడు ఠాణాపై పడినవాడు శాసనములు చేయు సభలో కూర్చుండెను. దిగువవారి ఓట్లును అందు కలవు గనుక, ముప్పదియేండ్లు ఆలస్యమైనను చేయి కొంత అందినదనవలెను.

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండ 1959లోను, 1970లోను నిబంధనలు వచ్చినవి. అడవిపై హక్కు పత్రములిచ్చు శాసనము 2006లో వచ్చినది. పోడు కొట్టినవాడు దొంగ కాడని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనుటకు 1882నుండి 124 ఏండ్లు పట్టినది. 2022లో అల్లూరి పేర ఒక జిల్లాయే వెలసినది.

ధవళేశ్వరమునకు సుమారు 42 కిలోమీటర్ల ఎగువను పోలవరము జలాశయమునకు 1981లో శంకుస్థాపన జరిగినది. 2014లో అది జాతీయ ప్రాజెక్టు అయినది. దాని నీటివలన దిగువ కాలువలకు నిలుకడ కలుగునని ఇంజనీర్లు చెప్పుదురు. మునుగు ఊళ్లు కోయలవి, కొండరెడ్లవి. పడవలలో సామాను పెట్టుకొని దిగి వచ్చిన కుటుంబములకు ఇచ్చిన భూమి ఎంత, పరిహారము ఎంత, ఇంకను రావలసినది ఎంత అను లెక్క ఇప్పుడు దిగువవారు చదువవలసిన లెక్క.