ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకుందాం

(ఉయ్యూరులో తల్లుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



బడిపంతులు జ్వరాల గురించి చెప్పడమేంటి అనుకోవద్దు. లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టే వచ్చాను.

1988లో మా చెల్లికి ఏడాదిన్నర. దగ్గు, జ్వరం. అమ్మ చెరుకు నరకబోయింది. మానితే కూలి పోద్ది. పిల్ల డొక్కలెగరేస్తంటే నాయనమ్మ దిష్టి తీసింది. ఎవరో వచ్చి సూదేశారు. మూడోనాడు పిల్ల పోయింది. తలరాత అన్నారు. డొక్కలెగరేయడం న్యుమోనియా గుర్తని చదువుకున్నాకే నాకు తెలిసింది.

అంబేద్కర్, రమాబాయి అయిదుగురు పిల్లల్లో నలుగుర్ని పోగొట్టుకున్నారు. చిన్నవాడు రాజరత్న 1926లో పోయాడు. అప్పటికింకా పెన్సిలిన్ కనిపెట్టలేదు. ఇవాళ న్యుమోనియాకి మందుంది. మందుండీ మన పిల్ల పోతే అది తలరాత కాదు, అన్యాయం.

అందుకని ఈ లెక్క నేర్చుకోండి. జలుబు, దగ్గు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. సూదులక్కర్లేదు. పాలు మానిపించొద్దు. జ్వరమని దుప్పట్లు కప్పొద్దు. కానీ దగ్గే పిల్ల ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట చూడండి. పొట్ట పైకి లేచినప్పుడల్లా ఒకటి. గడియారం పెట్టుకుని నిండా నిమిషం లెక్కపెట్టండి.

రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40. అంతకి చేరినా, దాటినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతన్నా, పిల్ల పాలు పట్టకపోయినా, తాగిందంతా కక్కేస్తన్నా, ఫిట్సొచ్చినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా లెక్క కోసం కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. రెండు నెలల్లోపు బిడ్డకి జ్వరమొస్తే ఒక్క పూట కూడా చూడొద్దు. వాతలు పెట్టొద్దు. డాక్టరిచ్చిన మందు, పిల్ల తేరుకున్నా సరే, చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఇది మనవల్ల అయ్యే పనేనా అంటారా? తెలంగాణ సరిహద్దునున్న మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లెటూరి మంత్రసానులకి సైతం ఈ పని నేర్పారు. పసిపిల్లల చావులు తగ్గాయని 1990లో లెక్కలతో సహా లోకానికి చూపించారు. వాళ్ళు చేసింది మనం చెయ్యలేమా?

కార్యకర్తలకో మాట. ప్రతి పేటలో ఇద్దరు తల్లులకి ఈ లెక్క నేర్పండి. న్యుమోనియా రాకుండా కాపాడే పి.సి.వి. టీకా 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి ఉచితంగా వేస్తారు. మన పిల్లల్లో ఎవరికి పడలేదో పేర్లు రాయండి. సబ్ సెంటర్లో మందు లేని రోజు తారీఖుతో రాయండి. ఆ కాగితం పట్టుకుని అందరం కలిసి అడుగుదాం.

ఊళ్ళో మన మనుషుల లెక్క ఎన్నికలప్పుడే అడుగుతారు. మన పిల్లల ఊపిరి లెక్క మనమే పెట్టుకోవాలి.

జై భీమ్!