మన మిద్దెల మీద ఎంత కరెంటు ఉంది?

(సమాఖ్య వార్షిక మహాసభలో మాట్లాడినది)



మన అనంతపురంలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇప్పుడు ఈ ఎండతో కరెంటు చేసుకోండి, అప్పు ఇప్పిస్తాము, సబ్సిడీ ఉంది అని మన వీధుల్లోకి మనుషులు వస్తున్నారు. సంతకం పెట్టే ముందు మన మిద్దె ఎంత ఇస్తుందో మనమే లెక్క చూసుకోవాలి.

ఒక కిలోవాట్ సోలార్ పలకలకు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ఎండకు అది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 120. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్లు చాలు.

మిద్దె అంతా లెక్కలోకి రాదక్కా. నీళ్ల ట్యాంకు, మెట్ల గది, బట్టలు ఆరేసే జాగా తీసేయాలి. పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, 3కి పైకెక్కి నీడ ఎక్కడ పడుతుందో చూడండి. ఒక్క పలక మీద వేపచెట్టు నీడ పడినా, దానితో కలిపిన మిగతా పలకల కరెంటు కూడా తగ్గొచ్చు. పలకలు దక్షిణం వైపు వాలుగా ఉండాలి. పలక బాగా కాగితే కరెంటు తగ్గుతుంది, కాబట్టి కింద గాలి ఆడాలి. దుమ్ము కడగాలి.

600 అడుగుల మిద్దెలో సగం మిగిలితే 3 కిలోవాట్లు. ఇట్లాంటి మిద్దెలు మన ఊళ్లో వెయ్యి దొరికితే 3 మెగావాట్లు, రోజుకు 12,000 యూనిట్లు. అదే నేల మీద పెట్టాలంటే మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పోతుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల పార్కుకు దాదాపు 6,000 ఎకరాలు పట్టింది. మిద్దె మీదైతే చేను పోదు, మేత బీడు పోదు.

డబ్బు సంగతి. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు రూ.30,000, 2కు రూ.60,000, 3 అంతకు పైన ఎంతైనా రూ.78,000 సబ్సిడీ. అది పలకలు బిగించి, మీటరు మార్చినాక మన ఖాతాలో పడుతుంది. ముందు డబ్బు మనమే కట్టాలి. కాబట్టి ఏడాది కరెంటు బిల్లులన్నీ ముందర పెట్టుకుని, మిగిలే డబ్బు నెల కంతుకు సరిపోతుందా చూడండి. బిల్లు తక్కువ వచ్చే ఇంటికి తొందర లేదు.

ఇంకో మాట. బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. మిగులు కరెంటు పగలు లైనుకు పోతుంది, రాత్రి మనం లైను నుంచే వాడుకుంటాం. కోతలు ఉండవని ఎవరైనా చెప్తే నమ్మవద్దు.

అద్దె ఇళ్లలో, రేకుల ఇళ్లలో ఉండే మన సభ్యులు చాలామంది. వాళ్లకు మిద్దె లేదు. వాళ్లను వదిలేసి చేసే లెక్క మన లెక్క కాదు. సమాఖ్య భవనం మీద పలకలు పెట్టి, తగ్గిన బిల్లు డబ్బును అందరి నిధిలో వేయాలని మేము కోరుతున్నాము.

ప్రతి సంఘం నుంచి ఇద్దరు టేపు పట్టుకుని తమ వీధి మిద్దెలు కొలవాలి. ఆ కాగితాలు సమాఖ్యకు చేరినాకే సోలార్ అప్పుల మాట ఎత్తాలి. ఈ తీర్మానానికి అందరూ చెయ్యి ఎత్తాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.