74 వరుసల బొంత



ఈ రోజు రెండు సంగతులు మాట్లాడుకుందాం. ఒకటి బొంత. రెండోది ఒళ్ళు. బొంతకూ ఒంటికీ ఏం సంబంధం అంటారా? పాలమూరు వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె సంగతి వింటే మీకే తెలుస్తుంది.

సందుగలో చీరలు

ఆ పెద్దమ్మకు 58 ఏళ్ళు. భర్త లేడు. కొడుకు, కోడలు దగ్గర ఉంటుంది. చిన్నబిడ్డ అత్తగారింట్లో ఉంది. ఆ బిడ్డకు ఆరో నెల. మొదటి కానుపు. పుట్టబోయే పాపకు బొంత కుట్టాలని పెద్దమ్మ కోరిక.

పసిపాపకు కొత్త బట్ట గరుకుగా ఉంటుంది. పాత నూలు చీర మెత్తగా ఉంటుంది. తడి పీల్చుకుంటుంది. అందుకే మన ఇళ్ళల్లో పాత చీరలు పారెయ్యరు. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి దాచుకుంటారు. నాలుగైదు చీరలు పోగైతే బొంత అవుతుంది.

పెద్దమ్మ తల్లి చీరలు సందుగలో ఉన్నాయి. ఒకరోజు వాటిని బయటికి తీసింది. పైన ఒక నారాయణపేట చీర ఉంది. ఎర్ర అంచు, చిన్న గళ్ళు. అది పెండ్లిళ్ళకు, పండుగలకు కట్టిన చీర. దాని కింద మట్టి రంగు చీర. అది అరిగి అరిగి జల్లెడలాగా అయింది.

ఆ మట్టి రంగు చీరను చూడగానే పెద్దమ్మకు తల్లి చెప్పిన మాటలు గుర్తుకొచ్చాయి. నాగార్జునసాగర్ డ్యాం పని 1955లో మొదలైంది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ డ్యాంను రాళ్ళతో కట్టారు. వేలమంది కూలీలు రాళ్ళు మోశారు. పాలమూరు కూలీలు అప్పుడు ఎక్కడ పని ఉంటే అక్కడికి పోయేవాళ్ళు. పెద్దమ్మ తల్లి కూడా పోయింది. పసిపిల్లను చీర ఉయ్యాలలో వేసి తల మీద రాళ్ళు మోసింది. ఆ పసిపిల్లే ఈ పెద్దమ్మ.

"ఏడ్చి ఏడ్చి నువ్వే నిద్రపోయేదానివి బిడ్డా. దిగి వచ్చి పాలిచ్చేదాన్ని" అని తల్లి చెప్పేది.

సందుగ అడుగున చీటీ

చీరలన్నీ తీశాక సందుగ అడుగున ఒక కాగితం కనిపించింది. అది దవాఖాన చీటీ. తల్లికి కాలి వేలి మీద పుండు లేచినప్పుడు రాసిచ్చిన చీటీ. 15 ఏళ్ళ కిందటిది.

అప్పుడు ఇంట్లో ఎవరికీ చదువు లేదు. 1990ల్లో ఊళ్ళల్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కానీ ఆ రోజుల్లో పెద్దమ్మ ఊళ్ళో లేదు. ముంబయిలో మేస్త్రీ పనికి పోయింది. ఇసుక మోసింది. పలక పట్టలేదు. రెండేళ్ళ కింద ఊళ్ళో రాత్రి బడి పెట్టారు. అప్పుడు కోడలు బలవంతం చేస్తే వెళ్ళింది. అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చింది. అంకెలు బాగా వచ్చాయి.

పెద్దమ్మ చీటీని వెలుగులో పెట్టుకుంది. కింద అచ్చు అక్షరాలు ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివింది.

"మళ్ళీ... రావలసిన... తేదీ."

దాని పక్కన పెన్నుతో తేదీ రాసి ఉంది. మార్చి 12.

పెద్దమ్మ చాలాసేపు అట్లనే కూర్చుంది. మార్చి 12న ఎవరూ దవాఖానకు పోలేదు. పోవాలని ఎవరికీ తెలియదు. పసుపు పెట్టారు. ఆకు పసరు కట్టారు. పుండు మానలేదు. వేలి నుంచి పాదానికి, పాదం నుంచి పిక్కకు పాకింది. జూన్‌లో వాన పడ్డ రోజున తల్లి పోయింది.

కోడలు పొలం నుంచి వచ్చింది. "ఏమైందత్తా? ఎందుకేడుస్తున్నవ్?" అని అడిగింది.

"ఏం లేదు బిడ్డా. అమ్మ చీటీ ఇప్పుడు చదివిన" అంది పెద్దమ్మ.

పరగడుపున పరీక్ష

కోడలు చీటీ చూసింది. అందులో షుగర్ అని రాసి ఉంది. పక్కన పెద్ద అంకె ఉంది. కోడలు ఊరుకోలేదు. "అత్తా, నీకూ కాళ్ళు తిమ్మిర్లంటవు. రాత్రి నాలుగుసార్లు లేస్తవు. రేపు పోదాం పా" అంది.

పొద్దున్నే ఏమీ తినకుండా సర్కారు దవాఖానకు పోయారు. రక్తం తీశారు. అంకె 182 వచ్చింది.

ఈ అంకె గురించి మనం తెలుసుకోవాలి. పరగడుపున చూస్తే 100 లోపల ఉండాలి. 126 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే షుగర్ జబ్బు అనుకోవాలి. ఇంకొకసారి పరీక్ష చేసి డాక్టర్లు ఖాయం చేస్తారు. పెద్దమ్మకు రెండోసారి కూడా ఎక్కువే వచ్చింది.

తల్లి జబ్బు బిడ్డకు వచ్చే అవకాశం ఉంటుంది. అయితే తల్లికి జరిగినట్టే బిడ్డకు జరగాలని లేదు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. కాళ్ళు చూసింది. "మోకాళ్ళ నొప్పి అని మూడేళ్ళుగా పొలం పోవడం లేదు కదా. ఇంట్లోనే కూర్చుంటున్నావు కదా" అని అడిగింది. పెద్దమ్మ అవునంది.

"కూర్చుంటే మోకాలు ఇంకా బిగుసుకుంటుంది. తొడల్లో బలం తగ్గుతుంది. షుగర్ పెరుగుతుంది. మెల్లగా నడువు. మాత్రలు మాత్రం మానొద్దు."

పెద్దమ్మ ఒకటే అడిగింది. "అమ్మా, నేను కింద కూర్చోలేను. కూర్చుంటే లేవలేను. నా మనవరాలికో మనవడికో బొంత కుట్టాలె. కింద పరిచి కుట్టకపోతే బొంత ఎట్లయితది?"

డాక్టరమ్మ నవ్వింది. "నడిస్తే కూర్చుంటావు. ఇంకో మూడు నెలల టైముంది కదా!" అంది.

ఒక రోజుకు ఒక వరుస

పెద్దమ్మ ఒక కట్టుబాటు పెట్టుకుంది. నడిచిన రోజున బొంతకు ఒక వరుస కుట్టాలి. నడవని రోజున సూది ముట్టొద్దు. పాప పుట్టేలోగా బొంత పూర్తి కావాలి.

మొదటి వారం రోజుకు 10 నిమిషాలు నడిచింది. ఇంటి నుంచి చెరువు కట్ట దాకా. ప్రతి వారం 5 నిమిషాలు పెంచింది. అయిదో వారానికి 30 నిమిషాలు అయింది. మీరూ లెక్క వేయండి. రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు. 150 నిమిషాలు అవుతుంది. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఎట్లా నడవాలి? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఆగిపోవాలి. వెంటనే దవాఖానకు పోవాలి.

నడక ఒక్కటే కాదు. మంచం మీద కూర్చొని, చేతులు ఆనించకుండా లేవడం నేర్చుకుంది. మొదట మూడుసార్లు కూడా లేవలేకపోయింది. రోజూ చేసింది. నెలకు పదిసార్లు లేచింది. గోడ పట్టుకొని మడమలు పైకెత్తి దించింది. కింద కూర్చోవడానికి బలం ఇట్లానే వచ్చింది. అప్పటిదాకా బొంతను మంచం మీద పరిచి కుట్టింది.

చెప్పులు లేకుండా అడుగు బయట పెట్టలేదు. రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ కడిగి, తుడిచి, చూసుకుంది. వేళ్ళ సందులు కూడా. షుగర్ ఉన్నవాళ్ళకు కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. కంటితో చూసుకోవాలి.

తిండి కూడా మార్చుకుంది. పూటకు రెండు గిన్నెల అన్నం తినేది. ఒక గిన్నె చేసింది. ఒక పూట జొన్నరొట్టె, ఆకుకూర తింది. జొన్నరొట్టె అయితే ఎన్నయినా తినొచ్చు అనుకోవద్దు. దానికీ లెక్క ఉండాలి.

రోజులన్నీ ఒక్కతీరుగా సాగలేదు. ఒకసారి జ్వరం వచ్చింది. ఒకసారి చుట్టాలు వచ్చారు. ఒకసారి ఊరికే బద్ధకం అయింది. కోడలు కనిపెట్టింది.

"అత్తా, బొంత ఆరు దినాల నుంచి అట్లనే ఉంది."

"నడుస్త తియ్యే" అని పెద్దమ్మ విసుక్కుంది. కానీ తెల్లవారి చెప్పులు వేసుకుంది.

కూలికి పోయే అక్కల మాట

ఇక్కడ ఒక అక్క అడగొచ్చు. "మేం పొద్దంతా నాట్లు వేస్తాం. కలుపు తీస్తాం. బిందెలు మోస్తాం. మళ్ళీ నడవాలా?"

మంచి ప్రశ్న. పొలం పని కూడా కష్టమే. ఒళ్ళు కదిలే పని అంతా లెక్కలోకి వస్తుంది. పొద్దంతా వంగి పని చేసే అక్కకు కావలసింది కడుపునిండా తిండి, కాస్త విశ్రాంతి. నడుము వెనక్కు సాగదీసుకోవాలి.

ఆమె ఇంకొకటి చూసుకోవాలి. అది రక్తం. మన దేశంలో 2019 నుంచి 2021 వరకు పెద్ద సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100 మందికి 57 మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. ఆడవాళ్ళకు రక్తం 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఎప్పుడూ నీరసమా? పరీక్ష చేయించుకోండి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మానండి.

బొంత ఎట్లా కుట్టాలి?

చీరలను ఉతికి ఎండలో ఆరబెట్టాలి. ఒకదాని మీద ఒకటి ముడతలు లేకుండా పరవాలి. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి. అంచులు లోపలికి మడిచి కుట్టాలి. తరవాత వేలెడు ఎడంతో వరుసలు కుట్టాలి. కుట్టు చిన్నదిగా, సమంగా ఉంటే బొంత ఏళ్ళ తరబడి ఉంటుంది. పసిపాప బొంతకు నూలు చీరలే మంచివి. పాలిస్టర్ చీర చెమట పీల్చదు.

కుట్టేటప్పుడు ఒళ్ళు జాగ్రత్త. వెలుగు ఉన్న చోట కూర్చోవాలి. అరగంటకోసారి లేవాలి. మెడ, భుజాలు తిప్పాలి. 40 ఏళ్ళు దాటాక సూదిలో దారం ఎక్కకపోతే సిగ్గుపడొద్దు. దగ్గరి చూపు తగ్గడం అందరికీ ఉన్నదే. కళ్ళద్దాలు తెచ్చుకోవాలి. చదువుకోవడానికీ అవే పనికొస్తాయి.

బొంత మన ఒక్కరిదే కాదు. బెంగాల్‌లో దీన్ని కాంథా అంటారు. పాత చీర అంచుల నుంచి రంగు దారాలు లాగి, ఆ దారాలతోనే పూలు కుడతారు. కర్ణాటకలో సిద్ది ఆడవాళ్ళు కవందిలు కుడతారు. నాలుగు మూలలా చిన్న గుడ్డను మడిచి పువ్వులాగా పెడతారు. అమెరికాలోని అలబామాలో నల్లజాతి ఆడవాళ్ళు అరిగిపోయిన పని బట్టలతో బొంతలు కుట్టారు. 1966లో వాళ్ళు సంఘంగా కలిసి, కుట్టినవి అమ్ముకున్నారు. ఎక్కడైనా కథ ఒకటే. పాత గుడ్డ, సూది, పక్కన ఇంకో ఆడమనిషి.

బొంత పూర్తయింది

మూడు నెలలు అయ్యాయి. 90 రోజుల్లో పెద్దమ్మ 74 రోజులు నడిచింది. 16 రోజులు తప్పింది. బొంతకు 74 వరుసలు. రెండున్నర మూరల బొంత అయింది.

చివరి పది వరుసలు ఆమె నేల మీద కూర్చొని కుట్టింది. ఒక చెయ్యి నేలకు ఆనించి లేచింది. కోడలు చెయ్యి అందించబోతే వద్దంది.

మళ్ళీ పరగడుపున పరీక్ష చేయించుకుంది. 182 ఉన్నది 131 అయింది. జబ్బు పోలేదు. షుగర్ పూర్తిగా పోయిందని ఎవరైనా మందు అమ్మితే నమ్మొద్దు. చలికాలంలో మోకాలు ఇప్పటికీ నొప్పి పెడుతుంది. మాత్రలు, నడక, తిండి ఇక ఎప్పటికీ ఉండాలి.

డాక్టరమ్మ చీటీ ఇచ్చింది. కింద అదే మాట. మళ్ళీ రావలసిన తేదీ. పెద్దమ్మ అక్కడే గట్టిగా చదివింది. ఇంటికి వచ్చి క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ గీత గీసింది.

చిన్నబిడ్డకు ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మ బొంత ఒక మూల ఎర్ర దారంతో పాప పుట్టిన తేదీ కుట్టింది. దాని కింద తన తల్లి పేరు కుట్టింది. తల్లి బతికున్నప్పుడు ఆమె పేరు రేషన్ కార్డు మీద, ఓటర్ల లిస్టులో తప్ప ఎక్కడా రాయలేదు. ఇంటివాళ్ళు రాయడం ఇదే మొదటిసారి.

చిన్నబిడ్డ ఆ అక్షరాలు తడిమి చూసింది. "అమ్మా, ఇందులో దీర్ఘం తప్పింది" అని నవ్వింది.

"తప్పితే తప్పనియ్యి. మళ్ళా బొంతకు సరిగ్గ రాస్త" అంది పెద్దమ్మ.

అక్కలారా! ఇప్పుడు మీ వంతు. ఈ రాత్రి మీ నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి.

1. మీ ఇంట్లో దాచిన పాత చీర ఎవరిది? దాని సంగతి ఏమిటి?
2. మీ షుగర్ ఎంత? మీ రక్తం ఎన్ని గ్రాములు? తెలియకపోతే దవాఖానకు ఎప్పుడు పోతారు? తేదీ రాయండి.
3. రేపు ఎన్ని నిమిషాలు నడుస్తారు?

రాసింది పక్కింటి అక్కకు చదివి వినిపించండి. రేపు పొద్దున ఆమెను కూడా చెరువు కట్ట దాకా తీసుకుపొండి.