ఔషధ పరీక్షలు - మన వసతిగృహముల బాధ్యత
(మహాసభలో గావించిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహములందలి దుబారా వ్యయమును గూర్చియు పెద్దలు ఉదయమునుండి ముచ్చటించిరి. నాకు నియమింపబడిన విషయము కొంత క్రొత్తది. క్రొత్త మందులను, టీకాలను మనుష్యులకిచ్చి వాని గుణదోషములను తెలిసికొనుటకై జరుపు పరీక్షలలో ఈ ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు జనులు పాల్గొనవచ్చునా, పాల్గొనినచో ఏ విధముగ పాల్గొనవలెను అనునదియే ఆ విషయము. ఇది వైద్యుల గొడవ, మనకేల యని తలంపకుడు. మన సంఘము బాలబాలికలకు వసతిగృహములు నడుపుచున్నది. తల్లిదండ్రులకు దూరముగ నున్న ఆ బిడ్డల పక్షమున కాగితముపై ఎవరు వ్రాలు చేయవలెననునది మన గడపలోని ప్రశ్న.

మనుష్యులపై పరీక్షింపక ఏ మందును వాడుకలోనికి రాదు. మనము నేడు మ్రింగుచున్న ప్రతి మాత్ర వెనుకను, దానిని మొదట మ్రింగిన వారెవరో కలరు. మన తెలుగునేలమీద జరిగిన పాత ముచ్చట యొకటి చెప్పెదను. 1897 ఆగస్టులో సికిందరాబాదునందు రోనాల్డ్ రాస్ దొరగారు చలిజ్వరము దోమవలన వచ్చునా యని శోధించుచు, హుసేన్ ఖాను అను రోగిచేత దోమలను కుట్టించుకొనిరి. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా ఇచ్చిరి. ఆ దోమల కడుపులోనే రహస్యము బయటపడెను. దొరగారికి 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. ఖానుగారికి అణాలు వచ్చెను. ఆనాటి లోకరీతి అట్టిది. దొరగారి యందు నాకు గౌరవమే గాని, ఆ లెక్క మాత్రము నా మనస్సును విడువదు.

ఇక మన జిల్లా సంగతి. స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమున వచ్చు కాన్సరు మన దేశమున రొమ్ము కాన్సరు తరువాత మిక్కిలిగ కనబడు వ్యాధి. అది చాల వఱకు హెచ్.పి.వి. అను వైరస్ వలన కలుగును. దానిని నివారించు టీకాలు 2008లో మన దేశమున అనుమతి పొందెను. మఱుసటి యేడు, 2009 జూలైలో, అమెరికాకు చెందిన పాత్ అను సంస్థయు, భారత వైద్య పరిశోధనా మండలియు, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి అప్పటి ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములందు పది మొదలు పదునాలుగేండ్ల లోపు బాలికలకు ఈ టీకాలను వేయించిరి. ఇక్కడ వేసినది మెర్క్ కంపెనీవారి గార్డసిల్. గుజరాతులోని వడోదర జిల్లాలో వేసినది మఱియొక కంపెనీవారి సెర్వారిక్స్. టీకాలను కంపెనీలు ఉచితముగ నిచ్చెను. ఖర్చులకు గేట్సు ఫౌండేషను ధనమిచ్చెను. మన జిల్లాలో టీకా పొందిన బాలికలు రమారమి 14,000 మంది. వారిలో ఆశ్రమ పాఠశాలలందు చదువుకొను గిరిజన బాలికలు పెక్కుమంది. ఏ కులమువారైనను వారు మన పొరుగిండ్ల బిడ్డలే.

కొన్ని నెలలకు బాలికలు మరణించిరను వార్త పొక్కెను. స్త్రీల ఆరోగ్యమునకై పనిచేయువారు భద్రాచలమునకు వచ్చి విచారించిరి. 2010 ఏప్రిలులో ప్రభుత్వము ఆ పథకమును నిలిపివేసి, విచారణ సంఘమును నియమించెను. రెండు రాష్ట్రములందు ఏడుగురు బాలికలు మరణించిరి. వారిలో ఐదుగురు మన జిల్లావారు. ఒకతె నీట మునిగెను, ఒకతెను పాము కఱచెను, పురుగులమందు త్రాగినవారును కలరు. ఈ మరణములకు టీకాతో సంబంధమున్నట్లు కనబడలేదని విచారణ సంఘము అభిప్రాయపడెను. ఇది మనము చక్కగ గుర్తుంచుకొనవలసిన మాట. టీకాయే బిడ్డలను చంపినదని నేటికిని సంతలలో చెప్పుకొనువారున్నారు. ఆ మాటకు ఆధారము లేదు.

అయితే దోషము లేదా? కలదు. అది మందులో లేదు, కాగితములో నున్నది. పార్లమెంటు ఆరోగ్యశాఖా స్థాయీ సంఘము 2013 ఆగస్టులో సమర్పించిన నివేదికను చూడుడు. మన రాష్ట్రమున పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 1,948 పత్రములపై వేలిముద్రలు మాత్రమే యుండెను. 2,763 పత్రములపై వసతిగృహ వార్డెనులు వ్రాలు చేసిరి. ప్రధానోపాధ్యాయులును, వార్డెనులును తల్లిదండ్రులకు బదులుగ సంతకము చేయవచ్చునని ప్రభుత్వమే ఉత్తరువు పంపియుండెను. కనుక ఆ వార్డెనులను మాత్రమే నిందించుట న్యాయము గాదు; పైనుండి వచ్చిన కాగితమును కాదనగల చిరుద్యోగి ఎవడు? మఱియు దీనిని ఔషధ పరీక్ష అనక "ప్రదర్శన పథకము" అనిరి. ఆ పేరుచేత పరీక్షలకుండవలసిన భీమా గాని, టీకా తరువాత బిడ్డలను కనిపెట్టియుండు గట్టి ఏర్పాటు గాని లేకపోయెను. పరిశోధనా మండలి తానే కావలివాడై యుండి తానే పాలికాపు అయ్యెనని స్థాయీ సంఘము తప్పుపట్టెను. వ్యాజ్యము సుప్రీముకోర్టునకును పోయెను.

దీని పర్యవసానము విచిత్రమైనది. అదే కాలమున హైదరాబాదు మొదలగు చోట్ల ఇదే టీకా రెండు మోతాదులు చాలునా, మూడు వలెనా యని వేఱొక పరీక్ష జరుగుచుండెను. ఖమ్మపు అలజడివలన 2010లో దానియందును టీకా వేయుట ఆగిపోయెను. రమారమి 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదుతోనే నిలిచిపోయెను. వైద్యులు వారిని విడువక పదేండ్లు పరీక్షించుచు వచ్చిరి. ఒక్క మోతాదు పొందినవారికిని రక్షణ దాదాపు సమానముగనే యున్నదని తేలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక మోతాదు పద్ధతికి సమ్మతించుటకు ఆధారమైన వానిలో మన దేశపు ఈ ఫలితము ముఖ్యమైనది. లోకమునందలి బీద దేశముల ఆడుబిడ్డలకు దీనివలన కలిగిన మేలు ఇంతింత యనరాదు. కాని మేలు కలిగినదని మొదటి అపచారము ఒప్పు కానేరదు.

కావున పరీక్షలనిన పాఱిపోవలెనా? నేనట్లు చెప్పను. మన అడవి ప్రాంతపు రోగములు వేఱు. మలేరియా ఇక్కడ పాతకాపు. సికిల్ సెల్ అను రక్తవ్యాధి గిరిజన కుటుంబములందు వంశపారంపర్యముగ వచ్చుచున్నది. నగరవాసులపై మాత్రమే పరీక్షించిన మందు మన బిడ్డకు ఎంత మోతాదున పనిచేయునో ఎవరు చెప్పగలరు? మనము లెక్కలో లేకున్న, మన రోగమును లెక్కలో నుండదు. గుడ్డిగ చేరుటయు, గుడ్డిగ నిరాకరించుటయు ఒక్కరీతిగనే నష్టము. ఎఱిగి చేరుట వేఱు.

ఎఱుగుటకు నేడు చట్టము కొంత సాయము చేయుచున్నది. 2019 మార్చిలో క్రొత్త మందుల, క్లినికల్ ట్రయల్సు నియమములు వెలువడెను. వాని ప్రకారము పరీక్షవలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు, నష్టపరిహారమును ఇయ్యవలెను. మరణము సంభవించినచో పరిహారము ఎవరికి చెందవలెనో ఆ నామినీ పేరు అంగీకార పత్రమునందే వ్రాయవలెను. ఆ గడి ఖాళీగ నున్న కాగితముపై చేయి పెట్టవద్దు. వ్రాలు చేసిన పత్రపు ప్రతి మనకీయవలెను. చదువురానివారి విషయమున, పరీక్షతో సంబంధము లేని సాక్షి యొకడు ఆసాంతము దగ్గఱ నుండి వ్రాలు చేయవలెను. కోయభాష మాత్రమే ఎఱిగిన తల్లికి తెలుగు కాగితము చదివి వినిపించి వేలిముద్ర వేయించినచో దానిని అంగీకారమనరాదు. ఎప్పుడు వలదనిన అప్పుడు మానుకొను స్వేచ్ఛ కలదు. మానుకొనినందుకు మామూలు వైద్యము ఆగరాదు.

పరీక్షకు అనుమతి నిచ్చునది నైతిక సంఘము. అందు ఏడుగురికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. వైద్యులు కాని సామాన్యుడొకడును, స్త్రీ యొకతెయు తప్పక యుండవలెను. పరీక్ష జరుగు చోట సొంత సంఘము లేనిచో, అదే పట్టణమున గాని, 50 కిలోమీటర్ల లోపల గాని యున్న సంఘమే అనుమతి నీయవలెను. ఖమ్మము పట్టణము భద్రాచలమునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. కావున అనుమతి ఎచ్చటనుండి వచ్చినదని అడుగుట వెఱ్ఱిప్రశ్న కాదు. ఆ సామాన్యుల స్థానములలో మన సంఘమునందలి చదువుకొన్నవారు, ముఖ్యముగ స్త్రీలు, కూర్చుండుటకు సిద్ధపడవలెను. పరీక్షలో పాల్గొనుటయనగా సూది వేయించుకొనుట యొక్కటే కాదు. సూది వేయవచ్చునా యని నిర్ణయించు బల్లవద్ద కూర్చుండుటయు పాల్గొనుటయే. జరుగుచున్న పరీక్షల పట్టిక పరిశోధనా మండలివారి రిజిస్ట్రీలో బహిరంగముగ నున్నది. మన కాలేజీ విద్యార్థి ఎవరైనను చూచి చెప్పగలడు.

పథకమనియు, సర్వే యనియు, ఉచిత శిబిరమనియు పేరు మార్చి వచ్చు పనులున్నవి. పేరేదైనను రక్తము తీయుదురా, మందిత్తురా, తరువాత ఎవరు వచ్చి చూతురు అని అడుగవలెను. సొమ్ము విషయము కూడ చెప్పెదను. కూలి పోయినందుకును, దారి ఖర్చులకును ఇచ్చుట సబబే. అంతకు మించి ఆశ చూపినచోట అనుమానింపవలెను.

చివరగ మన వసతిగృహముల మాట. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండు వఱకు అంగీకారమిచ్చు హక్కు తల్లిదండ్రులది, వారు లేనిచో చట్టప్రకారపు సంరక్షకునిది. ఏడేండ్లు దాటిన బిడ్డ సమ్మతియు అడుగవలెనని పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములు చెప్పుచున్నవి. మన వార్డెను ఎంత మంచివాడైనను అతడు సంరక్షకుడు కాడు. అందుచేత రేపు ఉదయము విషయ నిర్ణయ సంఘమునందు ఒక తీర్మానమును ప్రవేశపెట్టుటకు అధ్యక్షుల అనుజ్ఞ కోరుచున్నాను. మన సంఘపు వసతిగృహములందు ఏ పరిశోధనకును వార్డెను గాని, కార్యదర్శి గాని బిడ్డల పక్షమున వ్రాలు చేయరాదు. తల్లిని గాని తండ్రిని గాని పిలిపించి, వారి భాషలో చెప్పించి, వారము దినములు గడువిచ్చిన పిమ్మటనే పత్రము పుచ్చుకొనవలెను. గూడెమునుండి వారు వచ్చు బస్సు ఖర్చు సంఘపు నిధినుండి ఇయ్యవలెను. ఈ ఖర్చునకై పోషకులలో ఎవరైనను ఏటేట కొంత మొత్తము వాగ్దానము చేయదలచినచో, పేరును ఈ సాయంకాలమే కోశాధికారిగారివద్ద వ్రాయింప ప్రార్థించుచున్నాను.