ఇల్లు పోయాక అద్దె ఇల్లు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఎందరి ఇళ్ళో మునిగాయి. నేల అంతస్తు మునిగినవారికి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. ఆ డబ్బుతో గిన్నెలూ పరుపులూ కొనాలా, కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలా?

అప్పుడు ఏ ఇల్లు దొరికినా చాలనిపిస్తుంది. అయినా మా గన్నవరం వైపు వెతికేవాళ్ళు ఒక్కమాట వినండి. ఆ బుడమేరు కొల్లేటికి పోయేది ఇటుగానే. కొత్త సున్నం చూసి మురిసిపోకండి. గోడ మూలల్లో, తలుపు చట్రం అడుగున చెమ్మ ఉందేమో చూడండి. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఇంటాయన్ని కాదు, పక్కింటి పిన్నిగారిని అడగండి. మేడమీది వాటా అయితే మోకాళ్ళు నొప్పెట్టినా మేలే.

అడ్వాన్సు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఎంత ఇచ్చారో, ఖాళీ చేశాక ఎన్నాళ్ళకు తిరిగిస్తారో కాగితంమీద రాయించి సంతకం పెట్టించుకోండి. కరెంటు మీటరు అంకె కూడా అందులోనే వేయించండి.