సాగరవర్షము

లివర్‌పూల్ నగరమునందు పుట్టిన ఎకో అండ్ ది బన్నీమెన్ అను రాక్ బృందము, పోస్ట్-పంక్ సంగీతపు కరకుదనమును పూర్తిగా విడువకయే, 35 మంది వాద్యకారుల మేళమును చేర్చుకొని 1984లో వెలువరించిన ‘ఓషన్ రెయిన్’ అను ఆల్బమ్, 2003లో రీమాస్టరై మరల వెలువడినది. రీమాస్టరింగ్ అనగా పాటను తిరిగి పాడించుట కాదు. పూర్వపు ముద్రణలోని ధ్వనుల హెచ్చుతగ్గులను నూతన పరికరములతో సవరించుట. శబ్దమును ఊరక పెంచివేయు సవరణలు నాకు రుచింపవు గాని, ఇచ్చట ఆడమ్ పీటర్స్ కూర్చిన తంత్రీవాద్యముల పొరల నడుమ, బృందపు డ్రమ్మరు పీట్ డి ఫ్రెయిటాస్ కర్రలకు మారుగా బ్రష్షులతో డ్రమ్ములపై పలికించిన మృదుధ్వని విడిగా వినవచ్చుచున్నది. కడపటి గీతమున బృందగాయకుడు ఇయన్ మెకల్లక్ కంఠము మంద్రమున మొదలై, వయొలిన్లతో కూడ మెల్లమెల్లగా పైకెగసి, అలవలె విరుగును.